కూత పెట్టడం, కూత ఆపడం

అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. గుర్రపు లాడంలా వంచిన పల్చని అల్యూమినియం చట్రం, దాని నడుమ బిగించి లాగిన రబ్బరు పొర, అంచు చుట్టూ అంటించిన మెత్తని టేపు. నోట్లో పెట్టుకుంటే అంగిట్లో ఇమిడిపోతుంది. అమెరికాలో రాకీ పర్వతాల్లో ఎల్క్ వేటకు వెళ్లేవాళ్లు దీన్ని డయాఫ్రమ్ అంటారు. మన సన్నాయి విద్వాంసుడు కచేరీకి ముందు పీకను నోట తడుపుకుంటూ కూర్చున్నట్టే, వీళ్లూ తెల్లవారకముందే దాన్ని నాలుక మీద వేసుకుని నానబెట్టుకుంటారు. ఎండిన పొర పలకదు. పొరలు రెండుంటే అవి ఒకదానికొకటి అంటుకుపోకుండా, వాడని రోజుల్లో మధ్యన పళ్లపుల్ల ఒకటి దూర్చి చల్లని చోట దాచుతారు. అడవి టర్కీ కోళ్లను పిలవడానికి పుట్టిన పనిముట్టు ఇది. ఎల్క్ వేటగాళ్లు దాని పొర బిగువు మార్చుకున్నారు, గొంతుకు గాంభీర్యం రావడానికి ముందర ఒక గొట్టం చేర్చారు. ఆ గొట్టాలు అంగళ్లలో దొరకని రోజుల్లో ఇంట్లో పాడైన వాక్యూమ్ క్లీనరు గొట్టాన్ని కావలసినంత కోసుకుని అడవికి పట్టుకెళ్లినవాళ్లున్నారు.

నేను వేటగాణ్ని కాను. విల్లూ తుపాకీ ఎన్నడూ పట్టలేదు. కొలరాడోలో మా పక్కింటి పెద్దాయన వృత్తికి వడ్రంగి. ఆయనా ఆయన కూతురూ ఏటా సెప్టెంబరులో వైట్ రివర్ జాతీయ అరణ్యంలో, ఫ్లాట్ టాప్స్ అనే ఎత్తైన పీఠభూమి మీదికి విల్లంబుల వేటకు వెళ్తారు. వరసగా మూడేళ్లు మూటలు మోయడానికి వాళ్ల వెంట వెళ్లాను. మొదటి ఏడు మొహమాటానికి వెళ్లాను. రెండో ఏడు ఆయన పని చూడ్డానికి వెళ్లాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆయన చేతుల గురించి, చెవుల గురించి, అడవిలో తోటి వేటగాళ్లతో ఆయన మసలుకునే తీరు గురించి రాస్తాను. ఈ మూడూ ఒకే పనితనమని అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ముందు ఆ జంతువు గురించి. ఎల్క్‌కు షానీ అనే ఆదివాసీ జాతి పెట్టిన పేరు వాపిటి. తెల్లని పిరుదులున్నది అని అర్థం. మన నల్లమలలో తిరిగే కణితికి దూరపు చుట్టం. బాగా ఎదిగిన పోతు మూడు వందల కిలోలు దాటుతుంది. దాని కొమ్ములు ఏటా రాలిపోయి ఏటా మళ్లీ మొలుస్తాయి. ముదురు వేసవిలో రోజుకు రెండున్నర సెంటీమీటర్ల దాకా పెరిగి, ఆగస్టులో పై పొర ఊడి, సెప్టెంబరుకల్లా ఎండి గట్టిపడతాయి. అప్పుడు మొదలవుతుంది ఎదకాలం. పోతులు బురద గుంటల్లో పొర్లుతాయి, లేత చెట్లను కొమ్ములతో చీరేస్తాయి, ఆడవాటిని మందగా కూడేసుకుని కాపలా కాస్తాయి. రాత్రీ పగలూ కూస్తాయి.

ఆ కూత ఎలా ఉంటుందో విననివాళ్లకు చెప్పడం కష్టం. ముందు గొంతులోపల గుర్రుమన్నట్టు ఒక బరువైన శబ్దం. అక్కణ్నుంచి మెట్లెక్కినట్టు పైపైకి పోయి ఈల అవుతుంది. ఆ ఈల లోయంతా పరుచుకుని, అంతలోనే తెగిపడి, చివర నాలుగైదు పొట్టి దగ్గులుగా విరిగిపోతుంది. అంత ఒళ్లున్న జంతువు అంత సన్నని స్వరం పలకడమేమిటని శాస్త్రవేత్తలకూ ఆశ్చర్యమే. 2016లో వెలువడిన ఒక అధ్యయనం దీని గుట్టు కొంత విప్పింది. పోతు ఒకే ఊపిరిలో రెండు స్వరాలు పలుకుతుంది. ఒకటి కంఠం నుంచి వచ్చే మంద్ర గర్జన. దాని మీద తేలేది విడిగా పుట్టే సన్నని ఈల. ఈ ఈల 4,000 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. చెవిలో కూత గింగురుమంటుంటే కింద నేల అదురుతున్నట్టు అనిపించేది అందుకే కాబోలు.

మనిషి ఆ రెండు స్వరాలనూ ఒక రబ్బరు పొర మీద పట్టుకోవాలి. పెద్దాయన దాన్ని ఎలా పడతారో నేను పక్కన కూర్చుని చూశాను. బుగ్గల్లోంచి ఊదరు. ఊపిరి పొత్తికడుపు నుంచి లేస్తుంది. నాలుక పొరను ముట్టీ ముట్టనట్టు ఉంటే మంద్రం పలుకుతుంది. నాలుక మధ్యభాగాన్ని వెంట్రుకవాసి పైకి నొక్కుతూ గాలి పెంచితే స్వరం మెట్టెక్కుతుంది. పైన ఎంతసేపు నిలపాలి, ఎక్కడ వదలాలి అన్నది కొండను బట్టీ, ఎదురుగా ఉన్న పోతును బట్టీ మారుతుంది. మన సంగీతంలో గమకాన్ని రాసి చూపించలేనట్టే ఇదీ రాసి చూపించలేం. ఆయన కూతలో నన్ను పట్టేసింది మాత్రం వేరే సంగతి. కావాలనే అందులో ఒక గరుకు ఉంచుతారు. పైస్వరం ఒకచోట కాస్త చీలుతుంది, ఒకసారి చివరి దగ్గులు నాలుగుంటే మరోసారి రెండే ఉంటాయి, ఒక్కోసారి కూత మధ్యలోనే విసుగొచ్చినట్టు ఆగిపోతుంది. జీవితమంతా చెక్కను నున్నగా చిత్రిక పట్టిన మనిషి ఇక్కడ నునుపును దగ్గరికి రానివ్వరు. కారణం అడిగితే, అడవిలో ఏదీ రెండుసార్లు ఒకేలా కూయదు అన్నారు.

కూతల్లో రకాలున్నాయి. ఎక్కడున్నావని దూరం నుంచి అడిగేది ఒకటి. నా మంద జోలికి రాకు అని హెచ్చరించేది ఒకటి. ఆడ ఎల్క్ పిల్లి మ్యావుమన్నట్టు చిన్నగా పిలుస్తుంది, దాని పిల్ల ఇంకా సన్నగా కీచుమంటుంది. వీటన్నిటికీ తోడు ఆయన నోటితో సంబంధం లేని పనులు చేస్తారు. ఎండు కర్రతో చెట్టు బెరడు గీకడం, కాలితో రాయి దొర్లించడం, గడ్డి పరకలు పుటుక్కున తెంపడం. మంద ఒకటి అక్కడ మేస్తోందని కళ్లు మూసుకున్నవాడు కూడా నమ్మాలి. బ్యాటరీతో మోగే కూత పెట్టెలను ఎల్క్ వేటలో కొలరాడో చట్టం ఒప్పుకోదు. మనిషి నోరూ చేతులే పనిచేయాలి.

ఇంతా చేసి, ఆయన రోజు మొత్తంలో పెట్టే కూతలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొత్తవాళ్లు చేసే తప్పు అతిగా కూయడమే. మంద ఉన్న పోతుకు దూరాన సవాలు కూత వినిపిస్తే అది పోట్లాటకు రాదు, ఆడవాటిని ముందు తోలుకుని కొండ దాటిపోతుంది. చేతిలో ఉన్న మందను పణంగా పెట్టడం దానికి ఏం లాభం? అందుకే పెద్దాయన ఒక్క మాటా పలక్కుండా గంటా రెండు గంటలు నడిచి, పోతుకు వంద నూటయాభై గజాల దాపుకు చేరతారు. అంత దగ్గర పిలుపు వినిపిస్తే అది పట్టించుకోక తప్పదు.

ఆ నడక గాలి చెప్పినట్టు సాగుతుంది. కొండల్లో తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి జారుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక అదే గాలి వాలు వెంట పైకి లేస్తుంది. పొద్దుగూకితే మళ్లీ కిందికి. ఈ మార్పు జరిగే అరగంటలో గాలి ఎటు పోతుందో దానికే తెలియదు. ఆయన జేబులో మెత్తని పొడి ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా ఒకటి ఉంటుంది. పది అడుగులకోసారి దాన్ని నొక్కి, తెల్లటి పొగలా తేలిపోయే పొడిని చూస్తూ నిలబడతారు. ఎల్క్ కళ్లను మోసం చేయవచ్చు, చెవులను మోసం చేయవచ్చు, ముక్కును మోసం చేయలేం అంటారు. పొడి తమవైపు నుంచి పోతువైపు తేలిందా, అప్పటిదాకా నడిచిన కొండంతా వదిలేసి వెనక్కి తిరుగుతారు. అలా ఒకే పొద్దున మూడుసార్లు తిరిగిన రోజు నాకు గుర్తుంది. మూడోసారి కూడా ఆయన ముఖంలో విసుగు లేదు.

ఇక అసలు అమరిక. కూతురు విల్లుతో ముందు ఉంటుంది. తండ్రి ఆమెకు యాభై అరవై గజాల వెనక, చిన్న మిట్ట చాటున కూర్చుంటారు. పోతు పిలుపు విని వస్తుంది. పిలిచింది ఎవరో కనిపించాల్సిన చోటికి రాగానే ఆగి చూస్తుంది. ఆ ఆగే చోటు కూతురి బాణానికి అందేలా మిట్టను ఎంచుకోవడంలోనే ఆయన తెలివంతా ఉంది. వచ్చే పోతు ఎప్పుడూ తిన్నగా రాదు, గాలి కిందికి చుట్టు తిరిగి వాసన పట్టాలని చూస్తుంది. ఆ చుట్టును ముందే లెక్కగట్టి అమ్మాయిని కాస్త పక్కకు నిలబెడతారు. మన పాత కావ్యాల వేట వర్ణనల్లో దీమం అనే మాట ఉంది. అడవి మెకాన్ని రప్పించడానికి ఎర పెట్టే మచ్చిక జంతువు దీమం. ఇక్కడ దీమం ఆ పెద్దాయనే. వేట ఫలించినా ఆయన దాన్ని కళ్లారా చూడరు. మిట్ట వెనక నుంచి వింటారంతే.

రెండో ఏడు సెప్టెంబరు మూడో వారంలో జరిగింది చెబుతాను. చీకటితో బయల్దేరి, ఆస్పెన్ తోపు పైన స్ప్రూస్ అడవి మొదలయ్యే చోట ఆగాం. పైన గట్టు మీద ఒక పోతు కూసింది. పెద్దాయన బదులివ్వలేదు. గాలి చూసుకుని, అరగంట ఎక్కి, మిట్ట వెతుక్కుని కూర్చున్నారు. అమ్మాయి ముందుకు పాకి వెళ్లింది. ఆయన ఆడ ఎల్క్‌లా ఒక్కసారి పిలిచారు. పోతు వెంటనే పలికింది, మునుపటికన్నా దగ్గరగా. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. అప్పుడు ఎడమవైపు వాలు కింద నుంచి ఇంకో కూత వచ్చింది.

నాకది రెండో పోతు. ఆయన తల పక్కకు వంచి విన్నారు. కాసేపటికి ఆ కూత మళ్లీ వచ్చింది. ఆయన గొట్టాన్ని నేల మీద పెట్టేశారు. నోట్లో వేలు పెట్టి డయాఫ్రమ్ తీసి, చొక్కాకు తుడిచి, డబ్బాలో వేశారు. అమ్మాయికి వినిపించేలా నాలుకతో రెండుసార్లు టక్కు టక్కుమన్నారు. అది వాళ్లిద్దరి మధ్య గుర్తు. ఆమె వెనక్కి వచ్చింది. ఏమిటని అడగలేదు. ముగ్గురం వచ్చిన దారినే, చప్పుడు చేయకుండా, ఆ కింది మనిషి గాలికి అడ్డం పడకుండా పెద్ద చుట్టు తిరిగి దిగిపోయాం.

దిగాక అడిగాను, మనిషని ఎలా తెలిసిందని. రెండు కూతలూ అచ్చు ఒకేలా ఉన్నాయి అన్నారు. చివరి దగ్గులు రెండుసార్లూ నాలుగే. రెండు కూతల మధ్య పుల్ల విరిగిన చప్పుడు లేదు, రాయి దొర్లిన చప్పుడు లేదు. కూత వచ్చింది కాలిబాట ఉన్న వైపు నుంచి. బాగా కూస్తున్నాడు, కుర్రవాడు కాబోలు, కొంచెం నున్నగా ఉంది అంతే అని మెచ్చుకున్నారు కూడా. మరి ముందు మనమే కదా చేరాం అన్నాను. చేరిన సంగతి అతనికి తెలియదు కదా అన్నారు. ఒక పోతు చుట్టూ రెండు విళ్లు ఉంటే ఎవరికీ మంచిది కాదని, బాణం ఎటు పోతుందో ఎవరు చెప్పగలరని, పైగా అతని కూతకు తాను జవాబిస్తే అతను తననే పోతనుకుని పొదల్లో పాక్కుంటూ వస్తాడని వివరించారు. ముప్ఫై ఏళ్లుగా నేర్చుకున్న విద్యను సరిగ్గా ఫలించబోయే క్షణంలో డబ్బాలో వేసి మూత పెట్టడం, అదీ ఎదుటివాడికి తెలియనైనా తెలియకుండా, నేను చూసిన పనితనాల్లో దానికి సాటి వచ్చేవి కొన్నే.

మిట్టమధ్యాహ్నం కాలిబాట మీద ఆ మనిషి ఎదురయ్యాడు. నిజంగా కుర్రవాడే, తోడు ఒక స్నేహితుడు. పోతు రాలేదట. పెద్దాయన పొద్దుటి సంగతి ఎత్తలేదు. "సాయంత్రం ఎటు వెళ్తున్నారు?" అని అడిగారు. కుర్రవాడు గట్టు వైపు చూపించాడు. "అయితే మేం చెరువు వెనక్కి వెళ్తాం, ఆ గట్టు మీరు చూసుకోండి" అన్నారు. రెండు నిమిషాల మాట. రాత్రికి ఎవరి దీపం ఎటు కదులుతుందో ఇద్దరికీ తెలుసు.

ఈ మాట నాకు మా ఊరి చెరువును గుర్తు చేసింది. చెరువు కింద నీటికి వంతులుండేవి. ఒకరి మడి తడుస్తుంటే పక్కవాడు గట్టు మీద కూర్చుని ఉండేవాడు, పారతో గండి కొట్టేవాడు కాదు. తప్పితే అడగడానికి నీరటి ఉండేవాడు. జాతీయ అరణ్యం ప్రజలందరిదీ. లైసెన్సు ఉన్నవాడెవడైనా ఏ లోయలోకైనా వెళ్లవచ్చు. చట్టం లైసెన్సు చూస్తుంది, రోజులు చూస్తుంది, రైఫిల్ వేటలో ఒంటి మీద 500 చదరపు అంగుళాల నారింజ రంగో గులాబీ రంగో మెరుస్తోందా లేదా చూస్తుంది. ముందు ఎవరు వచ్చారు, ఎవరు తప్పుకోవాలి అన్నది మాత్రం చట్టంలో లేదు. అక్కడ నీరటి లేడు. వంతు ఎవరికి వారు పాటించుకోవాలి.

పాటించేవాళ్లు ఎలా పాటిస్తారో మూడేళ్లలో ముక్కలు ముక్కలుగా గమనించాను. తెల్లవారుజామున దారి మొదట్లో వేరేవాళ్ల బండి కనిపిస్తే పెద్దాయన ఇంకో దారికి పోతారు. ఆయనకు ఎప్పుడూ రెండో చోటు, మూడో చోటు సిద్ధంగా ఉంటాయి. చోటు ఒక్కటే ఉన్నవాడికి మర్యాద కష్టమవుతుంది అంటారు. ఈ మాట వేటకే కాదేమో అనిపించింది నాకు. బండి నిలిపేటప్పుడు గుర్రాల ట్రాలీ తిరగడానికి జాగా వదులుతారు. చీకట్లో ఎదురుగా తలదీపం కనిపిస్తే తన దీపం ఒకసారి ఆర్పి వెలిగించి, ఇక్కడ మనిషున్నాడని చెబుతారు. బాటలో గుర్రాలు ఎదురైతే వాలు కిందివైపు దిగి నిలబడి, రౌతును నోరారా పలకరిస్తారు. మూట మోస్తూ కదలని మనిషిని గుర్రం మృగమనుకుని బెదురుతుంది. గొంతు వింటే నెమ్మదిస్తుంది. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వెళ్లాలి. పక్కవాడి బాణం తగిలిన జంతువు మన ముందుకొచ్చి పడితే అది అతనిదే. కలిసి వెతికి పెట్టడం మన పని.

హద్దుల మర్యాద విషయంలో ఈ మధ్య ఒక పెద్ద వ్యాజ్యమే నడిచింది. వయోమింగ్‌లో ఎల్క్ మౌంటెన్ దగ్గర ప్రభుత్వ భూమి, ప్రైవేటు భూమి చదరంగపు గళ్లలా మూలమూలకూ తాకుతూ ఉంటాయి. 2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు ఒక ప్రభుత్వ గడి నుంచి మూల మీదుగా ఇంకో ప్రభుత్వ గడిలోకి దాటారు. ప్రైవేటు నేల మీద కాలు పడకూడదని, సరిగ్గా మూల రాయి మీదుగా నిలిచేలా ఒక ఇనుప నిచ్చెన చేయించుకుని తెచ్చుకున్నారు. ఆ నిచ్చెన సంగతి వినగానే పెద్దాయన లేచి కూర్చుని, కాళ్ల మధ్య ఎడం ఎంత, మెట్టుకు మెట్టుకు ఎంత అని ఆరా తీశారు. భూస్వామి దావా వేశాడు. విడిగా నడిచిన నేర విచారణలో 2022లో జ్యూరీ వాళ్లు నేరం చేయలేదంది. దావాలో 2025లో అప్పీలు కోర్టు కూడా వాళ్ల పక్షానే తీర్పిచ్చింది.

ఆ కుర్రవాణ్ని కలిసిన మర్నాడు సాయంత్రం చెరువు వెనక అమ్మాయి బాణం తగిలింది. ఇరవై ఎనిమిది గజాల దూరం. తగలగానే పరుగెత్తలేదు. గడియారం చూసుకుని అరగంట కూర్చున్నారు తండ్రీకూతుళ్లు. వెంటపడితే గాయపడ్డ జంతువు ఇంకా దూరం పోతుంది, దాని బాధా పెరుగుతుంది. తర్వాత నెత్తురు చుక్కల జాడ. చుక్క కనిపించిన ప్రతిచోటా అమ్మాయి ఒక తెల్లకాగితం ముక్క పెడుతూ పోయింది. వెనక వచ్చే నాకు ఆ ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకునే పని. నూట ఇరవై అడుగుల్లోనే పోతు పడి ఉంది. ఇద్దరూ దాని పక్కన కాసేపు ఊరికే నిలబడ్డారు. తర్వాత ఆమె ట్యాగు నింపి సంతకం చేసింది. ఫొటో ఒక్కటే తీసుకున్నారు, అదీ నోటి నెత్తురు తుడిచి, గడ్డి సర్ది.

ఇక కత్తి పని. ఇక్కడ నిదానంగా చెప్పాలి, ఎందుకంటే వేటలో అతి తక్కువమంది చూసే భాగం, అతి ఎక్కువ నేర్పు కావలసిన భాగం ఇదే. ఎల్క్ చర్మం మీద చలికాలానికి సిద్ధమవుతున్న దట్టమైన ఉన్ని ఉంటుంది. అది ఒంటి వేడిని లోపలే పట్టేస్తుంది. చనిపోయిన జంతువు ఒళ్లు చల్లారకపోతే మొదట చెడేది తుంటి ఎముక చుట్టూ ఉన్న మాంసం. అంటే అతి మందంగా, అతి మంచిగా ఉండే తొడ. గడియారంతో పోటీ.

పెద్దాయన పొట్ట కోయకుండా విడదీసే పద్ధతి వాడతారు. జంతువును పక్కకు పడుకోబెట్టి, మెడ నుంచి తోక దాకా వెన్ను వెంట చర్మాన్ని ఒక్క గీతతో తెరిచారు. కత్తి అంచు ఎప్పుడూ పైకే, వెంట్రుకల కింద నుంచే. వెంట్రుకను పైనుంచి కోస్తే తెగిన ముక్కలన్నీ మాంసానికి అంటుకుంటాయి. చర్మాన్ని కిందికి ఒలిచి, దాన్నే చాపలా నేల మీద పరిచారు. ముందు కాలు. మనం అనుకుంటాం భుజం దగ్గర కీలు ఏదో ఉండి ఎముక ఎముకకు తగులుకుని ఉంటుందని. జింక జాతికి ముందు కాలు మొండేనికి ఎముకతో అతకదు, కండతోనే వేలాడుతుంది. కాలు పైకెత్తి పట్టుకుని చంక కింద నుంచి కత్తి నడిపితే తలుపు రెక్క బందు ఊడి వచ్చినట్టు మొత్తం చేతిలోకి వస్తుంది. వెనక తొడ అలా కాదు. అక్కడ గుండ్రని ఎముక తల ఒక గుంటలో కూర్చుని ఉంటుంది, లోపల ఒక గట్టి నరం దాన్ని పట్టుకుని ఉంటుంది. ఆయన వేలితో తడిమి ఆ సందు పట్టుకుని, కత్తి మొన ఒక్కసారి దూర్చి తిప్పారు. టక్కుమని కీలు విడిపోయింది. ఎముక మీద కత్తి గీసిన చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు నేను. ముప్ఫై ఏళ్లు కూసాలు విప్పి బిగించిన చేతికి ఏ అతుకు ఎటు వదులుతుందో తెలుసు.

తర్వాత వెన్నుకు ఆనుకుని పొడుగునా సాగే వీపు కండ. తర్వాత మెడ, పక్కటెముకల మధ్య మాంసం. నడుము లోపలివైపు ఉండే మెత్తని కండ కోసం చివరి పక్కటెముక వెనక చిన్న సందు చేసి, పేగులను చేత్తో పక్కకు నొక్కి, చూపుతో పనిలేకుండా వేళ్లతోనే విడదీసి తీశారు. వెన్నుపామును, మెదడును ఎక్కడా తెగనీయలేదు. జింక జాతిని తినే ఒక నరాల జబ్బు, 1967లో మొదట ఈ కొలరాడోలోనే గుర్తించినది, అడవి మందల్లో ఉంది. ఆ జాగ్రత్త కూడా పనిలో భాగమే. ఒక పక్క అయ్యాక జంతువును తిప్పి రెండో పక్క. గంటన్నరలో నాలుగు కాళ్లూ గాలాడే గుడ్డసంచుల్లో చెట్టు నీడన, ఒకదానికొకటి తగలకుండా వేలాడుతున్నాయి. పోతని తెలిసే గుర్తును చట్టం చెప్పినట్టు మాంసానికి అంటే ఉంచారు. పై దవడలోని రెండు కోరలను అమ్మాయి తీసి కడిగి జేబులో వేసుకుంది.

ఆ కోరల దగ్గర ఒక్క మాట. ఏనుగు దంతంలా మెరిసే ఈ పళ్ల కోసమే, గడియారం గొలుసులకు వేలాడదీసుకోవడానికి, వందేళ్ల కిందట ఇక్కడ ఎల్క్‌లను చంపి మాంసం అలాగే వదిలేసి పోయిన రోజులున్నాయి. యూరప్ నుంచి జనం రాకముందు ఉత్తర అమెరికాలో కోటి ఎల్క్‌లు ఉండేవని అంచనా. ఇరవయ్యో శతాబ్దం మొదటికి అవి లక్షకు తక్కువైపోయాయి. తూర్పు ప్రాంతపు ఎల్క్ పూర్తిగా అంతరించింది. కొలరాడోలో మిగిలినవి ఎంత కొద్దో, వయోమింగ్ నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది. ఇప్పుడు ఖండం మొత్తం మీద పది లక్షల దాకా ఉన్నాయి, అన్ని రాష్ట్రాల్లోకీ పెద్ద మంద కొలరాడోదే. ఆ తిరిగిరావడంలో వేటగాళ్ల లైసెన్సు రుసుముల డబ్బు ఉంది, తుపాకులూ తూటాల మీద 1937 చట్టం వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించిన పన్ను ఉంది. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరం. మన అడవుల పరిస్థితికి అదే సరైన దారి, నాకు అందులో సందేహం లేదు. ఇక్కడి దారి వేరు. ఇక్కడ తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలి రావడం నేరం. నిన్నటి పళ్ల వేటగాడికీ ఈ పెద్దాయనకూ మధ్య ఉన్న దూరం అంతా ఆ గుడ్డసంచుల్లో ఉంది.

ఆ సంచులను బండి దాకా చేర్చాలి. ఫ్లాట్ టాప్స్‌లో మేమున్న భాగం వైల్డర్‌నెస్ కింద రక్షితమైనది. అక్కడ మోటారు బండి కాదు కదా, సైకిలు కూడా నడపకూడదు. మనిషి వీపో గుర్రం వీపో. వెనక కాలు ఒక్కటే పాతిక ముప్ఫై కిలోలు. నాలుగు మైళ్ల దారి, దాదాపు పదివేల అడుగుల ఎత్తు, ఊపిరి సరిగా అందదు. ముగ్గురం ఒక విడత మోసి, రాత్రి పది గంటలకు బండి దగ్గర కూలబడ్డాం. ఇంకో విడత మిగిలే ఉంది. తెల్లవారి మేం మళ్లీ ఎక్కేసరికి బాట మలుపులో ఆ కుర్రవాడూ అతని స్నేహితుడూ ఖాళీ మోతచట్రాలతో నిలబడి ఉన్నారు. రాత్రి మా దీపాలు నెమ్మదిగా దిగడం గట్టు మీద నుంచి చూశారట. బరువుతో దిగేవాళ్ల నడక తెలుస్తుంది కదా అన్నాడు. తమ పొద్దుటి వేట వదులుకుని వచ్చారు.

కుర్రవాడు తొడ సంచి ఎత్తుకుంటూ, మొన్న పొద్దున గట్టు కింద ఆడ ఎల్క్‌లా పిలిచింది మీరేనా అని అడిగాడు. అవునన్నారు పెద్దాయన. నిజం ఎల్క్ అనుకున్నాను, అంతలోనే ఎందుకు ఆగిపోయిందా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను అన్నాడు కుర్రవాడు. పెద్దాయన జేబులోంచి డబ్బా తీసి, నోట పెట్టని కొత్త డయాఫ్రమ్ ఒకటి అతని చేతిలో పెట్టి, చివరి దగ్గులు ప్రతిసారీ నాలుగు పెట్టకు అన్నారు.

డెన్వర్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు సెప్టెంబరు వస్తే ఎల్క్ కూతలు వినడానికి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు, మొరైన్ పార్క్ పచ్చికకు వెళ్తుంటాయి. మీరూ వెళ్తే కారు ఇంజను, పాటలు ఆపేయండి. సాయంత్రం నుంచి పొద్దున దాకా ఆ పచ్చిక మీదికి నడవడం నిషిద్ధం, పిల్లలను దారి పక్కనే ఉంచండి. పోతు కూసినప్పుడు తిరిగి కూయకండి. మీ పక్కన నిలబడ్డవాళ్లు కూడా దాన్ని వినడానికే వచ్చారు.